గోడ నిలిచినా గొట్టం తెగితే..!

మాదాపూర్: 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో సంభవించిన భూకంపం హైదరాబాదు వరకు తెలిసింది. ఇటువంటి వేళ అందరి చూపూ గోడలు, స్తంభాలపైనే. వాటి నడుమ సాగే గొట్టాల ఊసు ఎవరికీ పట్టదు. అణు విద్యుత్ రంగం మాత్రం దశాబ్దాల తరబడి ఆ గొట్టాల మీదే తల బద్దలుకొట్టుకుంది.

ఆ రంగంతో నగరానికి దగ్గరి చుట్టరికమే ఉంది. అణు ఇంధన సముదాయం(ఎన్‌ఎఫ్‌సీ) భారజల రియాక్టర్లకు ప్రెషర్ ట్యూబులను ఇక్కడే తయారు చేస్తుంది. 220 మెగావాట్ల రియాక్టర్ ఒక్కదానికే అవి 306 కావాలి. ఇక గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్‌కు ప్రత్యేక పరిశోధన కేంద్రమే ఉంది.

భూమి కుదిపితే పైపు ఒక్కసారిగా కుప్పకూలుతుందన్న భయంతో తొలినాళ్లలో డిజైన్లు చేసేవారు. 1980లలో అమెరికాలో ఎల్బోలు, టీ జాయింట్లలో నీటిని ఒత్తిడితో నింపి, కంపన వేదికలపై ఊపి చూశారు. తేలింది వేరు. లోపలి ఒత్తిడికి తోడు ఊపు పడ్డప్పుడల్లా లోహం కొద్దికొద్దిగా ఉబ్బుతుంది. దీన్నే రాట్చెటింగ్ అంటారు. చివరకు, అటూఇటూ వంచిన తీగ తెగినట్లు, పగులు వస్తుంది. లోహపు అలసటే అసలు శత్రువన్నమాట.

అలాగని పైపును గట్టిగా బిగించేస్తే సరిపోతుందా? అక్కడే చిక్కు. రియాక్టర్‌ను నడిపినప్పుడు వేడికి పైపు సాగుతుంది, ఆపినప్పుడు కుంచించుకుంటుంది. కదలనివ్వకపోతే ఆ అలసట రోజువారీగానే పేరుకుంటుంది. అందుకే స్నబ్బర్లు అమర్చారు. మెల్లని కదలికను వదిలేసి, హఠాత్తు కుదుపుకు మాత్రమే బిగుసుకునే సాధనాలవి. అవే మొరాయించి పైపును పట్టేయడంతో చాలా కేంద్రాల్లో వాటి సంఖ్యను తగ్గించారు.

జపాన్‌లోని మిహామా కేంద్రంలో 2004 ఆగస్టు 9న పైపు పగలడానికి భూకంపమే అక్కర్లేకపోయింది. నీటి ప్రవాహానికి లోపలి గోడ అరిగి పలచబడింది. వేడి ఆవిరికి ఐదుగురు కార్మికులు బలయ్యారు. ఆ చోటు తనిఖీ జాబితాలోనే లేదు.

సైబరాబాద్‌కు దీనితో పనేమిటంటారా? 1994లో కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్ భూకంపంలో ఆలివ్ వ్యూ ఆసుపత్రి భవనం నిలిచింది. స్ప్రింక్లర్, చల్లని నీటి పైపులు తెగి వార్డులు తడిసిపోవడంతో రోగులను తరలించాల్సి వచ్చింది. ఐటీ టవర్ల సీలింగ్‌ల పైన పరుచుకున్నవీ అటువంటి పైపులే.

హైదరాబాదు తక్కువ ముప్పున్న ప్రాంతమేనన్న ధీమా ఉంది. 1993 సెప్టెంబరు 30న వేలమందిని పొట్టనపెట్టుకున్న లాతూరు కూడా అప్పటి పటంలో అతి తక్కువ ముప్పున్న జోన్-1లోనే ఉండేది. ఎత్తైన భవనాలకు 2017లో వచ్చిన ఐఎస్ 16700 ప్రమాణాలు స్తంభాలతో ఆగక, గోడ పట్టని ఇతర అమరికలనూ ప్రస్తావించాయి. టవర్‌కు అనుమతి పత్రం ఇచ్చే ముందు పైపు స్తంభానికి ఎక్కడెక్కడ బిగించి ఉంది, రెండు బ్లాకుల మధ్య దాటే చోట వంగే జాయింటు ఉందా అని నిచ్చెన వేసి సీలింగ్ పైకి ఎక్కి చూడాలి. నిర్మాణదారు చూపే నకళ్లలో ఆ సంగతి తేలదు.