చౌక తీగలకు పెండ్లిని అప్పగింపరాదు

వైశాఖ ముహూర్తములకు ఆరుబయట పందిళ్లలో ఎదురుకోలు మొదలు అప్పగింతల వఱకు ఎడతెగక చిత్రీకరణము సాగించు మన వీడియోగ్రాఫర్లు, లక్షలు వెచ్చించి మిర్రర్‌లెస్ కెమెరాను కొనియు, దానికి విద్యుత్తు నందించుటకు మాత్రము అంగడిలో చౌకగా దొరకిన డమ్మీ బ్యాటరీని (బ్యాటరీ స్థానమున అమరి, తీగద్వారా బయటి విద్యుత్తును కెమెరాకు చేర్చు తొడుగును) నమ్ముకొనుట నాకెన్నడును సబబుగా తోచలేదు. తెరయు సెన్సరును నిరంతరము మేల్కొనియుండుటచే ఈ కెమెరా విద్యుత్తును విస్తారముగా త్రాగును. సోనీవారి ఎన్‌పీ-ఎఫ్‌జెడ్‌100 వంటి పెద్ద బ్యాటరీలో నున్నదియు సుమారు 16.4 వాట్-అవర్లే. కావున బాహ్యాధారము తప్పదు. అయితే ఆ బ్యాటరీది 7.2 వోల్టులు, బాహ్యాధారముగా వాడు వీ-మౌంటు బ్యాటరీది సాధారణముగా 14.4, నడుమ నమ్మదగిన రెగ్యులేటరు లేక దానిని కెమెరాకు కలుపుట కెమెరాను చేజేతులార కాల్చుకొనుటయే. యూఎస్‌బీ-సీ పవర్ డెలివరీ గల కెమెరాకు అదే పద్ధతి నెఱిగిన పవర్‌బ్యాంకు మేలు. ఎన్ని వోల్టులు కావలెనో ఆ రెండును ముందుగా తమలో తేల్చుకొనిన పిమ్మటనే కెమెరా అధిక వోల్టేజిని స్వీకరించును.

ఇక ఎండ మాట. పెక్కు కెమెరాలకు తయారీదారులు విధించిన హద్దు 40 డిగ్రీలు. మన రోహిణికార్తె ఆ హద్దును లక్ష్యపెట్టదు. లిథియం బ్యాటరీని గాలి సోకని నల్లసంచిలో బిగించి ఎండలో వ్రేలాడదీయుటయు, ఉబ్బినదానిని “ఈ ఒక్క పెండ్లికే” యని వాడుటయు (ఆ మాట ఎన్ని పెండ్లిండ్లలో విన్నానో!) సాహసము కాదు, అవివేకము. నీడయు, గాలియు, తీగ లాగుడుపడకుండ ఒక బిగింపును చాలును.

పెండ్లివారలారా, బేరమాడునపుడు నమ్మదగిన విద్యుత్ సరంజామాకగు ఖర్చునుగూడ లెక్కలోనికి తీసికొనుడు.