సీసం లేని గాలం: చెరువుకట్ట మీదివాళ్ళ ప్రణాళిక

మేము హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల చెరువుల్లో గాలం వేసేవాళ్ళం. మాలో మగ్గం నేసేవాళ్ళు, మెకానిక్కులు, బడిపంతుళ్ళు, కంపెనీలో షిఫ్టు దిగి నేరుగా చెరువుకట్టకు వచ్చేవాళ్ళు ఉన్నారు. చేపలమ్మి బతికేవాళ్ళం కాము, ఇష్టం కొద్దీ పట్టేవాళ్ళం. కడుపు కోసం వల వేసేవాడికంటే సరదాకు గాలం వేసేవాడికి కట్టుబాట్లు ఎక్కువ ఉండాలని మా నమ్మకం. ఆ కట్టుబాట్లను రాసుకున్న కాగితమిది. సామాను ఎలా తయారు చేసుకోవాలో కూడా ఇందులోనే చెబుతున్నాం. చేతిలో ఏ సామాను ఉందన్నదాన్ని బట్టే నడత ఉంటుంది.

మాది వాన తక్కువ సీమ. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్న, జయమంగళి, చిత్రావతి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే కనిపిస్తాయి. పరిగి చెరువు, బుక్కరాయల పేరు మోస్తున్న బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు నిండితే కింద బావుల్లో, బోర్లలో నీళ్ళు ఊరతాయి. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ మీదుగా కృష్ణా నీళ్ళు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం దాకా వస్తున్నాయి. ఎక్కడినుంచి వచ్చినా ఆ నీళ్ళు చివరికి మనం తాగేవి, పశువులు తాగేవి, పైరుకు పారేవి. వాటిలో ఏం పడేస్తున్నామో గాలం వేసే ప్రతివాడూ తెలుసుకోవాలి.

అందుకే మా మొదటి తీర్మానం: చెరువులోకి సీసం వేయం.

గాలానికి కట్టే గుండు, ముల్లుకే బరువు అతికించిన జిగ్ అనే ఎర తలకాయ మామూలుగా సీసంతో పోసినవే. చవక, బరువు, ఎవరైనా కరిగించుకోవచ్చు. కానీ కట్ట లోపలివైపు పేర్చిన రాళ్ళ సందుల్లో గాలం ఇరుక్కోని రోజు ఉండదు. దారం తెగితే గుండు అక్కడే ఉంటుంది. సీసం కుళ్ళదు, తుప్పుపట్టి మన్నులో కలిసి హాని లేకుండా పోయేదీ కాదు. బ్రిటన్‌లో హంసలు ఒడ్డున గులకరాళ్ళతోపాటు గాలాల వాళ్ళు వదిలిన సీసపు గుళ్ళను మింగి చనిపోతున్నాయని తేలాక, 1987లో చిన్న సీసపు గుండ్ల అమ్మకాన్ని అక్కడ ఆపేశారు. మన హిందూపురం పక్కన చిలమత్తూరు మండలం వీరాపురంలో కొంగలు ఏటేటా వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఆ కొంగలు మేతకు వచ్చేది ఈ చెరువులకే. గుండుతో సహా దారం తెంపుకుపోయిన చేపను కొంగ మింగితే ఆ పాపం మనదే.

సీసం కరిగించే మనిషికీ ప్రమాదమే. వంటింటి పొయ్యి మీద పాత బ్యాటరీ పలకలు కరిగించి గుండ్లు పోయడం చాలామందికి అలవాటు. ఆ పొగా ఆ ధూళీ పిల్లల మెదడుకు చేసే చేటు తిరిగి సరిచేయలేనిది. ఇంట్లో సీసం కరిగించేవాడు మా గుంపులో ఉండడు.

మరి దేంతో చేయాలి? రెండు దారులు చూపిస్తాం. రెండూ మేము వాడుతున్నవే.

ఒకటి ఇనుప నట్టు. హిందూపురంలో ఏ హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్ళినా దొరుకుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకు ఎక్కే నట్టు సుమారు 5 గ్రాములు, 10 మిల్లీమీటర్లది సుమారు 11 గ్రాములు తూగుతుంది. మన చెరువులకు ఈ రెండు బరువులు చాలు. 2/0 లేదా 3/0 నంబరు, పొడుగు కాడ ఉన్న గాలపు ముల్లు తీసుకోండి. దారం కట్టే కన్ను వైపునుంచి నట్టును కాడకు ఎక్కించి కన్ను దగ్గరే నిలపండి. ఇక్కడ ఒక కిటుకుంది. ముల్లు కాడ నట్టు రంధ్రంలో మొన ఉన్న వైపు అంచుకు ఆనాలి, నట్టు బరువు కాడకు అవతలి వైపు వేలాడాలి. అప్పుడే జిగ్ అడుగుకు దిగినప్పుడు మొన పైకి చూస్తుంది, రాళ్ళకు తగులుకోవడం సగానికి సగం తగ్గుతుంది. రంధ్రాన్ని ఎం-సీల్‌తో నింపి, గట్టిపడకముందే ముల్లును దారానికి వేలాడదీసి మొన ఎటు తిరిగిందో చూసి సరిచేయండి. ఒక రాత్రి ఆరనిచ్చి పైన గోళ్ళరంగు రెండు పూతలు వేస్తే అయిపోయింది. తెగిపోయినా ఆ ఇనుము తుప్పుపట్టి మట్టిలో కలుస్తుంది.

రెండోది తగరం. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే తగరమే. సీసం కరగడానికి 327 డిగ్రీల సెల్సియస్ కావాలి, తగరానికి 232 చాలు. వేడి తక్కువ కాబట్టి ముల్లు పదును, గట్టిదనం చెడవు. అచ్చుకు బలపపు రాయి అన్నిటికన్నా మంచిది. చాకుతో చెక్కవచ్చు, వేడికి పగలదు. రెండు పలకల్లో ఎదురెదురుగా సగం సగం గుంట చెక్కి, ముల్లు కూర్చునేందుకు గాడి తీసి, పలకలను బిగించి పోయాలి. అచ్చులో తేమ ఉండకూడదు. ఒక్క నీటిచుక్క ఉన్నా కరిగిన లోహం మొహం మీదికి చిమ్ముతుంది. అచ్చును ముందే వేడి చేసి ఆరబెట్టండి. ఆరుబయట, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకొని పోయండి. ఆ గరిటె మళ్ళీ వంటకు పనికిరాదు. రేడియో రిపేరుకు వాడే టంకం తీగలో చాలావరకు సీసం కలిసి ఉంటుంది, దాన్ని తగరం అనుకొని తేవద్దు.

తగరం ఖరీదు ఎక్కువ, బరువు తక్కువ. సీసంతో 10 గ్రాములు తూగే అచ్చులో తగరం పోస్తే ఆరున్నర గ్రాములకు కొంచెం తక్కువ వస్తుంది. దీన్ని లోపమనేవాళ్ళతో మేము ఏకీభవించం. నెమ్మదిగా దిగే జిగ్ చేప కంటికి ఎక్కువసేపు కనబడుతుంది. మూడు నాలుగు అడుగుల లోతున్న మా చెరువు అంచుల్లో రాయిలా దబ్బున పడే గుండు అక్కర్లేదు.

ఇక కుచ్చు. జిగ్ తలకాయ వెనక వేలాడే పోగుల కుచ్చే ఎరగా కనిపించేది. బజారులో రబ్బరు కుచ్చులు వస్తాయి, ఎండకు అతుక్కుపోతాయి. ధర్మవరంలో పడుగు అయిపోయాక మగ్గం మీద మిగిలే పట్టు పోగులున్నాయి కదా, మా కుచ్చులన్నీ వాటితోనే. ముప్పై నలభై పోగులు ముల్లు పొడవుకు ఒకటిన్నర రెట్లు కత్తిరించి, తలకాయ వెనక మెడకు చుట్టూ సమంగా పరిచి, గట్టి దారంతో పది చుట్లు చుట్టి ముడి మీద గోళ్ళరంగు పూయండి. వాడే ముందు ఒకసారి నీళ్ళలో ఉతికి ఎక్కువైన రంగు పోనివ్వండి. తడిసిన పట్టు లాగితే సన్నగా ముడుచుకుంటుంది, ఆపితే విచ్చుకుంటుంది, ఏ రబ్బరుకూ ఆ కదలిక రాదు. కొత్తనీరు ఎర్రగా వచ్చిన రోజుల్లో నలుపు, ముదురు ఊదా పోగులు కడతాం, మురికినీళ్ళలో నీడ కనబడటమే ముఖ్యం. నీళ్ళు తేరుకున్నాక పాచిరంగు, బూడిదరంగు. జరీ ఒకటి రెండు పోగులు మించి వద్దు. పట్టు దొరకనిచోట మేకతోక వెంట్రుకలు కట్టుకోవచ్చు. నెమలి ఈకలు ఎవరూ ముట్టుకోకూడదు.

తుంగ, తామర, గుర్రపుడెక్క ఉన్నచోట ముల్లు మొనకు అడ్డు కావాలి. సైకిలు బ్రేకు కేబులు విప్పితే సన్నటి ఉక్కు తీగలొస్తాయి. రెండు తీగలను మెడ దగ్గర కుచ్చుతోపాటే కట్టి మొన పైదాకా వంచి పెట్టండి. ఆకు తగిలితే తప్పుకుంటుంది, చేప నోరు మూస్తే వంగిపోతుంది.

ముల్లు, దారం, రీలు మాత్రం కొనుక్కోండి, మంచివే కొనుక్కోండి. నాచులో సన్న నైలాన్ వేసి గొప్ప చూపించుకునేవాళ్ళ పద్ధతి మాకు సమ్మతం కాదు. దారం తెగి నోట్లో ముల్లుతో పోయిన చేప ఎలా బతుకుతుందో చెప్పలేం. కలుపులో అల్లిన దారమే వాడతాం. కొనగానే ముల్లు మొన వెనకుండే ఎదురుముల్లును పటకారతో నొక్కేస్తాం. దారం బిగువుగా ఉంచితే చేప జారదు, వదలాలనుకున్నప్పుడు గాయం లేకుండా వస్తుంది.

ఈ జిగ్, ఈ సామాను మొదట అమెరికావాళ్ళు బాస్ చేపకోసం దిద్దుకున్నవి. బాస్ మా చెరువుల్లో లేదు. మాకున్నది కొర్రమీను. రెండింటి నడవడి ఒకటే: కలుపు నీడన కదలకుండా కాచుకొని, ఎదుటికొచ్చినదాని మీద పడటం. అలాగని చేపను సీమ మార్చకూడదు. 2002లో అమెరికాలోనే మేరీలాండ్ రాష్ట్రంలోని క్రాఫ్టన్ ఊరి కుంటలో కొర్రమీనుకు దాయాది అయిన ఆసియా చేప ఒకటి బయటపడితే, అక్కడి అధికారులు కుంటలో మందు కలిపి మొత్తం చేపలను చంపాల్సి వచ్చింది. ఒక సీమ చేప మరో సీమ నీళ్ళలో పడితే ఇంత పని అవుతుంది. 1952లో మనదేశానికి తెచ్చిన జిలేబి చేప ఈరోజు ఏ చెరువులో లేదు చెప్పండి. అందుచేత బయటి చేపను దేన్నీ, ఎంత ముచ్చటగా ఉన్నా, అక్వేరియంలో పెంచి విసుగొచ్చినదైనా సరే, మా చెరువుల్లో వదలం, వదలనివ్వం.

కొర్రమీను గాలి పీల్చే చేప. ఉండి ఉండి పైకొచ్చి ఒక గుటక మింగి దిగుతుంది, నీటి మీద ఆ సుడి చూసే మేము చోటు పడతాం. ఇదే చేప వానాకాలంలో గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. ఎర్రటి సన్న పిల్లలు గుంపుగా నీటి పైపైన మెదులుతుంటే కింద తల్లీ తండ్రీ ఉంటాయి. ఆ గుంపు మధ్యలో గాలం వేస్తే పెద్దచేప ఆకలితో కాకుండా కోపంతో కరుస్తుంది. తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని తీసుకుంటే ఆ పిల్లలన్నీ మిగతా చేపలకు మేత అవుతాయి. పిల్లలున్న చోట గాలం వేయడం మా దృష్టిలో దొంగతనం కంటే హీనం. ఈ విషయంలో మినహాయింపు లేదు.

చెరువు నిండి మరవ పారే రోజుల్లోనూ గాలం వేయం. ఎదురెక్కే చేపలు అక్కడ గుమికూడతాయి, ఎవరు వేసినా పడతాయి. మరవ పారడం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఊరికి పండగ, చేపకు గుడ్లు పెట్టే కాలం. జానెడున్నర కంటే పొట్టి కొర్రమీనును ఎప్పుడు పట్టినా తడిచేత్తో పట్టుకొని వదిలేస్తాం. ఇంటికి తీసుకెళ్ళేది ఆ పూట తినేదే.

బతికున్న కప్పను ముల్లుకు గుచ్చే పద్ధతి మానేశాం. కప్పలు పొలంలో పురుగును తింటాయి, ఆ లెక్కతోనే 1987లో కేంద్రం కప్పకాళ్ళ ఎగుమతి ఆపింది. అరిగిపోయిన హవాయి చెప్పు రబ్బరును బొటనవేలంత కోసి, జంట ముల్లు దూర్చి, వెనక రెండు పట్టు కుచ్చులు కడితే కప్పలాగే ఈదుతుంది. చేప కరవగానే లాగకండి. దారం బరువు చేతికి తెలిసేదాకా ఆగి లాగండి.

చెరువులో చేపల హక్కు మత్స్యకార సంఘానిదో, వేలంలో పాడుకున్నవాళ్ళదో. పిల్లలను కొని వదిలింది వాళ్ళు, నష్టం వస్తే మోసేదీ వాళ్ళే. అడగకుండా కట్ట ఎక్కం. వద్దంటే వెనక్కి వస్తాం. బొచ్చె, శీలావతి పొరపాటున పడితే వాళ్ళకు చూపించి వదులుతాం. తూటా వేసేవాళ్ళు, కరెంటు పెట్టేవాళ్ళు కనబడితే ముందు వాళ్ళకే కబురు చేస్తాం.

ఎండాకాలం చెరువు బీటలు వారినప్పుడు అడుగంతా కళ్ళకు కడుతుంది. నైలాన్ ఉండలు, తుప్పుముళ్ళు, సీసపు గుండ్లు రాళ్ళ సందుల్లో పడి ఉంటాయి. ఏటా అప్పుడు గోనెసంచులు పట్టుకొని కట్ట పొడవునా తిరిగి ఏరతాం. ఈ మూడు ఊళ్ళలో గాలం వేసే ప్రతి అన్నకూ, తమ్ముడికీ, అక్కకూ, చెల్లెలికీ మా మనవి: వానలకు ముందే మీ డబ్బా విప్పండి. అందులోని సీసం గుండ్లు తీసి పాత ఇనుము కొట్టులో ఇచ్చేయండి. రెండు నట్లు, గుప్పెడు పట్టు పోగులు తెచ్చుకొని ఏ ఆదివారమైనా కట్ట మీదికి రండి, జిగ్ కట్టడం మేము నేర్పిస్తాం.