వీడియోల సర్వర్‌కి పెద్ద మెషీన్ ఎందుకండీ?

ఈ వారం వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు. ఇంట్లో మూలన 24 గంటలూ తిరిగే వీడియోల సర్వర్ గురించి చెప్తున్నా. మనలో చాలామందిమి పొలం వీడియోలు తీస్తున్నాం. ఫోన్ నిండితే పాత డెస్క్‌టాప్‌లో వేసి, జెల్లీఫిన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని టీవీలో చూస్కుంటున్నాం. నేను శిక్షణకి వచ్చే రైతులకి కూడా దాన్నుంచే చూపిస్తా. వాన పడి నెట్ పోయినా ఇంట్లో వైఫై ఉంటే చాలు, వీడియో ఆడుతుంది.

పోయిన ఎండాకాలం పీఎండీఎస్ నవధాన్యాల మీద శిక్షణ పెట్టాం. ముప్పై మంది కూర్చున్నారు, కరెంటు పోయింది. గంటన్నరకే ఇన్వర్టర్ కుయ్యిమంది. షట్‌డౌన్ చేసేలోపే అంతా ఆరిపోయింది. కరెంటు వచ్చాక హార్డ్ డిస్క్ తెరుచుకోలేదు. ఒకే గట్టు మీద నిలబడి నెలనెలా తీసిన రెండు సీజన్ల వీడియోలు పోయాయి. రెండో కాపీ పెట్టుకోలేదు, అది మాత్రం నా తప్పే.

కొత్తది కొందామని కంప్యూటర్ షాపుకి వెళ్తే, గ్రాఫిక్స్ కార్డుతో పెద్ద మెషీన్ తీసుకోమన్నారు. మందుల షాపుకి పోయి ఆకు మీద మచ్చ చూపిస్తే మూడు డబ్బాలు చేతిలో పెట్టినట్టే ఉంది యవ్వారం. మచ్చ ఎందుకొచ్చిందో ఎవరూ అడగరు.

నేను ముందు వాట్లు కొలిచే ప్లగ్ మీటరు ఒకటి కొన్నా. వీడియోలో చూపించా చూడండి. పాత డెస్క్‌టాప్ ఏ పనీ లేకుండా ఊరికే కూర్చున్నా 72 వాట్లు. రోజుకి 1.7 యూనిట్లు, నెలకి 52 యూనిట్లు. వీడియో ఆడించినప్పుడు 110 దాటింది.

ఆ 110 ఎందుకో తెలుసుకోవాలి. మన ఫోన్లలో కొన్ని హెచ్‌ఈవీసీ పద్ధతిలో వీడియో దాస్తాయి. పాత టీవీకి అది అర్థం కాకపోతే, సర్వర్ అప్పటికప్పుడు వేరే పద్ధతిలోకి మార్చి పంపాలి. ఆ పనికి ప్రాసెసర్‌లోనే ప్రత్యేక భాగం ఉంటే కొద్ది కరెంటుతో అయిపోతుంది. లేకపోతే ప్రాసెసర్ మొత్తం రొప్పుతుంది. దీనికి పైసా ఖర్చు లేని మందు ఒకటుంది. ఫోన్ కెమెరా సెట్టింగ్‌లో హెచ్.264, 1080పీ పెట్టుకోండి. నిమిషానికి సుమారు 130 ఎంబీ అవుతుంది, చోటు ఎక్కువ పడుతుంది గానీ, దాదాపు ఏ టీవీ అయినా నేరుగా ఆడిస్తుంది. సర్వర్‌కి పనే ఉండదు.

చివరికి నేను కొన్నది ఇంటెల్ ఎన్100 ఉన్న మినీ పీసీ. 2023లో వచ్చిన చిప్ ఇది, 6 వాట్ల రకం. వీడియో మార్చే భాగం అందులోనే ఉంది. రాస్‌ప్‌బెర్రీ పై 5 కూడా చూశా. కరెంటు తక్కువే, కానీ హెచ్.264 వీడియో తయారుచేసే హార్డ్‌వేర్ అందులో లేదు. మన పనికి అదే లోటు. డిస్క్ సంగతి కూడా మర్చిపోకండి. 3.5 అంగుళాల పెద్ద డిస్క్ తిరుగుతుంటే అదొక్కటే 5, 6 వాట్లు తాగుతుంది. నేను 2.5 అంగుళాలది పెట్టా. అన్నీ కలిపి ఇప్పుడు మీటరులో 12 వాట్లు.

నెలకి 43 యూనిట్లు తగ్గాయి. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 260 రూపాయలు. పెట్టింది 14 వేలు, అంటే తిరిగి రావడానికి నాలుగున్నరేళ్లు. బిల్లు కోసమే అయితే కొనొద్దనే నా మాట. నేను కొన్నది ఇన్వర్టర్ కోసం. 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-గంటలుంటే చేతికొచ్చేది సగమే. రెండు ఫ్యాన్లు, టీవీ, పాత డెస్క్‌టాప్ కలిస్తే 320 వాట్లు, మంచి బ్యాటరీ అయినా మూడు గంటలు రాదు. ఇప్పుడు నాలుగు గంటలు లాగుతుంది.

అసలు చాలామందికి ఇది కూడా అక్కర్లేదంటాను. ఇంట్లో స్క్రీన్ పగిలిన లాప్‌టాప్ ఉంటే చూడండి. ఇంటెల్ ఏడో తరం లేదా ఆ తర్వాతది అయితే హెచ్‌ఈవీసీ హాయిగా ఆడిస్తుంది, కరెంటు పోతే దాని బ్యాటరీయే ఆదుకుంటుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం తీసేయించండి, ఎండాకాలం ప్రమాదం. మరీ రాత్రి గంటసేపే చూసేవాళ్లయితే, 24 గంటలూ ఆన్‌లో ఎందుకు? మోటార్ లాగే పనున్నప్పుడు వేసి, అయిపోయాక ఆపండి.

ఇంకో పని మిగిలింది. ఈ మినీ పీసీ అడాప్టర్ 12 వోల్ట్‌దే కదా, షెడ్డు మీది సోలార్ బ్యాటరీకి నేరుగా తగిలిద్దాం అనిపిస్తుంది. చేయకండి. ఛార్జింగ్ అప్పుడు బ్యాటరీ 14 వోల్టులు దాటుతుంది. మధ్యలో వోల్టేజ్‌ని 12 దగ్గర నిలబెట్టే కన్వర్టర్ ఉండాలి. అది బిగించాక, మీటరు పెట్టి ఇంకో వీడియోలో చూపిస్తా. రెండో కాపీ డిస్క్ మాత్రం ఇప్పటికే మా బావమరిది ఇంట్లో ఉంది.