'కొనండి' అని రాసి అద్దెకిచ్చేవాళ్ళు

మా నాన్న దస్తావేజు లేఖరి. ముప్పయ్యేళ్ళ పైనుంచీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఒక చిన్న గదిలో కూర్చుని జనానికి కాగితాలు రాసిపెడుతున్నారు. విక్రయం, తనఖా, కౌలు, దానం, భాగ పరిష్కారం... ఏ కాగితంలో ఏ మాట పడాలో, ఏ మాట పడితే ఎవడి కొంప మునుగుతుందో ఆయనకి కొట్టిన పిండి. ఇంజినీరింగ్ చదివి, రోజూ కోడ్ రాసుకు బతికే నాకు మాత్రం ఒక మాటకి అర్థం పోయినేడాదే ఆయన దగ్గర తెలిసింది. ఆ మాట 'కొనడం'.

జరిగిందేమిటంటే, నాలుగేళ్ళ కిందట నాన్న పుట్టినరోజుకి ఒక టాబ్లెట్ ఇచ్చి, అందులో ఆయనకిష్టమైన పాత సినిమాలు పదకొండు కొనిపెట్టాను. ఒక ఆన్‌లైన్ వీడియో దుకాణంలో (పేరెందుకు లెండి, ఇప్పుడది లేదు కూడా). అక్కడ ప్రతి సినిమా కిందా రెండు మీటలుండేవి. ఒకటి 'అద్దెకు', రెండోది 'కొనండి'. అద్దె ధర కొనే ధరలో నాలుగో వంతు. నాన్న ఒక్కో సినిమా యాభైసార్లు చూసే రకం కాబట్టి నేను ఏరికోరి 'కొనండి' నొక్కాను.

పోయినేడాది ఆ దుకాణం మూసేశారు. ఫలానా తేదీ తర్వాత మీ లైబ్రరీ అందుబాటులో ఉండదు, ఇన్నాళ్ళూ మాతో ప్రయాణించినందుకు ధన్యవాదాలు అని మెయిల్ పంపారట. అది ప్రమోషన్ల కుప్పలో పడిపోయింది, నేను చూడలేదు. ఒక ఆదివారం పొద్దున నాన్న ఫోన్ చేశారు.

"ఏరా, సినిమాలన్నీ పోయాయి. నేనేమన్నా నొక్కకూడనిది నొక్కానంటావా?"

"నువ్వేం నొక్కలేదు నాన్నా. ఆ షాపు ఎత్తేశారు."

"షాపు ఎత్తేసుకుంటే వాళ్ళ సామాను వాళ్ళు తీసుకుపోవాలి. మన సామాను పట్టుకెళ్ళడమేంట్రా?"

లైసెన్సు, షరతులు, సర్వర్లు అంటూ ఏదో చెప్పబోయాను. మొత్తం విని, "అదంతా సరే, బిల్లులో ఏం రాశాడు?" అనడిగారు. కొనుగోలు అని ఉందన్నాను. "విక్రయమని చెప్పి కౌలుకిచ్చేవాణ్ణి మా దగ్గర ఏమంటారో తెలుసా?" అని ఒక మాటన్నారు. అది ఇక్కడ రాయలేను :-)

పదకొండు సినిమాల కోసం ఇంత గోలా అంటారేమో. పోయిన డబ్బు పెద్దదేం కాదు. కానీ అరవై దాటిన మనిషి, తన కొడుకు కొనిచ్చిన వస్తువు మాయమైతే ముందు తనదే తప్పేమోనని కంగారు పడ్డాడు చూశారూ, నాకు మండింది అక్కడ.

సరే, ఇదేదో ఊరూపేరూ లేని షాపు చేసిన పని, పెద్ద కంపెనీలు ఇలా చెయ్యవు అనుకుంటున్నారా? అయితే కాస్త చరిత్ర తిరగేద్దాం.

2009 జులైలో అమెజాన్ తన కిండిల్ వినియోగదారుల యంత్రాల్లోంచి రెండు పుస్తకాలని రాత్రికి రాత్రి చెరిపేసింది. వాటిని అమ్మకానికి పెట్టినవాడికి అమెరికాలో హక్కుల్లేవన్నది కారణం. డబ్బు వాపసిచ్చారు. ఆ రెండు పుస్తకాలూ ఏవో తెలుసా? జార్జ్ ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫామ్'. ఇష్టంలేని కాగితాలని ప్రభుత్వం మాయం చేసే కథే '1984'. కల్పించి రాసినా ఇంత బాగా కుదరదు! బళ్ళో పాఠం కోసం ఆ పుస్తకం చదువుతూ నోట్సు రాసుకున్న ఒక కుర్రాడు కోర్టుకి కూడా వెళ్ళాడు. బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. బానే ఉంది. కానీ అసలు ఆ చెరిపే మీట ఒకటి వాళ్ళ దగ్గర ఉందన్న సంగతి ఆ రోజు దాకా కొన్నవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఇక మైక్రోసాఫ్ట్. ఒకప్పుడు వీళ్ళు పాటలకి 'ప్లేస్‌ఫర్‌ష్యూర్' అని ముద్ర వేసేవారు. కచ్చితంగా మోగుతుంది అని అర్థం. 2006లో సొంతంగా జూన్ అనే ప్లేయర్ తెచ్చారు. ఆ ముద్ర ఉన్న పాటలు అందులో మోగలేదు. తర్వాత 2008లో, ఎమ్మెస్సెన్ మ్యూజిక్‌లో పాటలు కొన్నవాళ్ళకి ఆగస్టు తర్వాత కొత్త కంప్యూటర్లకి తాళంచెవులు ఇవ్వబోమన్నారు. జనం గోల చేస్తే గడువు 2011 దాకా పొడిగించారు. బుద్ధొచ్చిందా అంటే, 2019లో ఈ-పుస్తకాల దుకాణం మూసేస్తూ అమ్మిన పుస్తకాలన్నీ వెనక్కి లాగేసుకున్నారు. డబ్బు పూర్తిగా వాపసిచ్చారు, పుస్తకంలో గీతలు గీసుకుని నోట్సు రాసుకున్నవాళ్ళకి ఇంకో 25 డాలర్లు అదనంగా ఇచ్చారు. మీ ఆలోచనల ఖరీదు పాతిక డాలర్లన్నమాట.

2023 డిసెంబరులో సోనీ వాళ్ళు ప్లేస్టేషన్‌లో జనం కొనుక్కున్న డిస్కవరీ కార్యక్రమాలు ఆ నెలాఖరుకి తీసేస్తామన్నారు. గోలయ్యాక కొత్త ఒప్పందం కుదిరింది, ఆగింది. అంటే అవి ఉండటమూ పోవడమూ కొన్నవాడి చేతిలో లేవు, ఆ రెండు కంపెనీల మధ్య కాగితం చేతిలో ఉన్నాయి.

డబ్బు వాపసిస్తున్నారు కదా, ఇంకేం కావాలి అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. అయ్యా, మీకు ఫ్లాట్ అమ్మిన బిల్డరు పదేళ్ళ తర్వాత వచ్చి "ఇదిగో మీరిచ్చిన డబ్బు, సాయంత్రానికి ఖాళీ చెయ్యండి" అంటే ఊరుకుంటారా? అమ్మకం అంటేనే ఇక వెనక్కి రాలేనంత దూరం వెళ్ళిపోవడం.

ఇప్పుడు కాస్త మన వృత్తి భాషలో మాట్లాడుకుందాం. డీఆర్ఎమ్ అని ముద్దుగా పిలుచుకునే ఈ డిజిటల్ తాళం సంగతేమిటి? కాలేజీలో క్రిప్టోగ్రఫీ పాఠం గుర్తు చేసుకోండి. ఆలిస్ బాబ్‌కి ఉత్తరం రాస్తుంది, మధ్యలో ఈవ్ దొంగతనంగా చదవకుండా తాళం వేస్తుంది. డీఆర్ఎమ్‌లో చిత్రమేమిటంటే ఇక్కడ బాబూ ఈవూ ఒక్కరే! సినిమా చూడాల్సింది మీరే, మీ చేతికి చిక్కకూడనిదీ మీకే. తాళంచెవి మీ యంత్రంలోనే పెట్టాలి, అది మీకు కనపడకూడదు. అందుకే ఈ తాళాలు ఎప్పుడూ బద్దలవుతూనే ఉన్నాయి. డీవీడీ తాళాన్ని 1999లోనే పగలగొట్టేశారు. నార్వే వాళ్ళు అందులో పాలుపంచుకున్న ఒక కుర్రాడి మీద కేసు పెట్టారు, 2003లో కోర్టు అతను నిర్దోషి అంది.

మరి పగిలిపోయే తాళం ఎవరిని ఆపుతోంది? డబ్బిచ్చి కొన్నవాణ్ణి. అమెరికాలో ఉండే అన్నయ్య రీజియన్ 1 డీవీడీ తెస్తే మన రీజియన్ 5 ప్లేయరు దాన్ని ఉమ్మేసేది. 2018లో పోకో ఎఫ్1 ఫోన్ మనదేశంలో ఎంత గొప్పగా అమ్ముడయిందో గాడ్జెట్ పిచ్చోళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ఖరీదైన ఫోన్లలో ఉండే చిప్పే అందులోనూ ఉంది, తెరా బావుంది. కానీ వైడ్‌వైన్ ఎల్1 అనే ముద్ర లేదు. అందుకని డబ్బు కట్టి నెట్‌ఫ్లిక్స్ చూసేవాడికి అందులో హెచ్‌డీ రాలేదు. 2019లో అప్‌డేట్ వచ్చేదాకా అంతే. అదే సినిమాని టోరెంట్‌లో దించుకున్నవాడికి అదే ఫోన్లో నిక్షేపంగా హెచ్‌డీ వచ్చింది. దొంగకి మేడ మీద గది, కొన్నవాడికి అరుగు మీద చాప. ఇదెక్కడి న్యాయం?

అన్నిటికన్నా ఘోరం 2005లో సోనీ బీఎంజీది. డబ్బిచ్చి కొన్న పాటల సీడీని కంప్యూటర్లో పెడితే చడీచప్పుడు లేకుండా ఒక రూట్‌కిట్ ఎక్కించేది. మార్క్ రసినోవిచ్ దాన్ని తన కంప్యూటర్లోనే పట్టుకుని లోకానికి చాటాడు. ఆ సీడీలోని పాటలే ఎంపీ3గా దొంగతనంగా దించుకున్నవాడికి మాత్రం ఆ రూట్‌కిట్ బెడద లేదు.

తాళం తీసేస్తే అందరూ కాపీ కొట్టేస్తారు, పరిశ్రమ మునిగిపోతుందంటారు. ఈ ప్రయోగం ఒకసారి జరిగిపోయింది సార్. 2003లో ఐట్యూన్స్ పాటల దుకాణం తెరిచినప్పుడు ప్రతి పాటకీ తాళమే. 2007 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ స్వయంగా ఈ తాళాలు తీసెయ్యనివ్వండని మ్యూజిక్ కంపెనీలకి బహిరంగంగా రాశాడు. 2009లో ఐట్యూన్స్ పాటలన్నిటికీ తాళాలు పోయాయి. పాటల వ్యాపారం మునిగిందా? 2012లో టోర్ అనే సైన్స్ ఫిక్షన్ ప్రచురణ సంస్థ తన ఈ-పుస్తకాలకి తాళాలు తీసేసి, ఏడాది తర్వాత లెక్క చూసుకుని, దొంగ కాపీలు పెరిగిన జాడేమీ కనపళ్ళేదని చెప్పింది. మరి సినిమాలకీ మిగతా పుస్తకాలకీ ఏమొచ్చింది?

దుకాణం మూతపడటం నేరం కాదు. మన ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ అని ఎంపీ3 పాటల దుకాణం పెట్టి 2013లో మూసేసింది. అందులో కొని దించుకున్న పాటలు మాత్రం ఇవాళ్టికీ మోగుతాయి, ఎందుకంటే అవి మామూలు ఎంపీ3లు. సర్వర్లు కలకాలం ఎవరు నడుపుతారండీ అనేవాళ్ళకి ఇదే నా జవాబు. నడపక్కర్లేదు. ఫైలు నా చేతికిచ్చి, మీ దారిన మీరు వెళ్ళండి.

చందా కట్టి చూసే పద్ధతి మీద కూడా నాకే పేచీ లేదు. నేనూ రెండు మూడు కడుతున్నాను. నెల నెలా అద్దె, మానేస్తే పోతుంది, ఆ మాట ముందే చెప్పారు. అద్దెని అద్దె అన్నంతవరకూ అది నిజాయితీ వ్యాపారమే. నా గొడవల్లా ఆ ఒక్క మాటతోనే. కొన్న పుస్తకాన్ని చదివి పక్కింటాయనకి ఇవ్వచ్చు, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద అమ్మెయ్యచ్చు, విజయవాడ లెనిన్ సెంటర్లో సగం ధరకి ఇంకొకడు దాన్ని కొనుక్కోవచ్చు. మనవడికి మిగల్చచ్చు. ఇవేవీ చెయ్యనివ్వనప్పుడు దాన్ని కొనడం అనకండి.

షరతుల్లో రాసే ఉంది, మీరు 'ఐ అగ్రీ' నొక్కారు కదా అనే వాదన ఒకటుంది. మీటమీద ఒకటి, దాని వెనక నలభై పేజీల్లో ఇంకొకటీనా? నాన్న చెప్పిందేమిటంటే, దస్తావేజు రాసేటప్పుడు పెద్దక్షరాలతో శీర్షికలో ఏముందో లోపలా అదే ఉండాలి. చదువురాని వాళ్ళకి చదివి వినిపించి మరీ వేలిముద్ర వేయిస్తారు. ఇంత చదువుకున్న మనం ఆ పాటి జాగ్రత్త కూడా జనానికి దక్కనివ్వట్లేదు.

కాలిఫోర్నియా వాళ్ళు ఈ విషయంలో కాస్త మేలు. 2024లో ఒక చట్టం చేశారు, 2025 జనవరి నుంచి అమలు. డిజిటల్ సరుకు మీద 'కొనండి' అని రాయాలంటే, ఇది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. నెట్‌తో పని లేకుండా శాశ్వతంగా దాచుకోగలిగే ఫైలు ఇస్తే మాత్రం ఈ నియమం వర్తించదు. సరిగ్గా నాన్న చెప్పిన న్యాయమే! అమెజాన్ ఏం చేసింది? కిండిల్ పుస్తకాలు కంప్యూటర్లోకి దించుకుని యూఎస్‌బీ ద్వారా ఎక్కించుకునే సౌకర్యాన్ని 2025 ఫిబ్రవరిలో తీసేసింది. ఉన్న కిటికీ కూడా మూసేశారన్నమాట.

మన సంగతేమిటి? 2012లో కాపీరైట్ చట్టానికి 65ఏ సెక్షన్ చేర్చారు. తాళం పగలగొడితే రెండేళ్ళదాకా జైలు, జరిమానా. కానీ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో పగలగొడితేనే. ఈ ఒక్క ముక్క వల్ల అమెరికా వాళ్ళ 1998 చట్టం కన్నా మనది చాలా నయం. అయితే తాళం తియ్యడంలో మీకు సాయం చేసేవాడు మీ పేరు, చిరునామా, ఎందుకు తీయిస్తున్నారో అన్నీ రాసిపెట్టుకోవాలట. ఏ దుకాణం వాడు ఆ పని చేస్తాడు చెప్పండి! 2023 నవంబరులో కేంద్రం డార్క్ ప్యాటర్న్‌లు అరికట్టడానికని మార్గదర్శకాలిచ్చింది. బుట్టలో చెప్పకుండా సరుకు దూర్చడం, చందా నుంచి బయటపడనివ్వకపోవడం లాంటివి మొత్తం 13 రకాలు. అద్దెకిస్తూ 'కొనండి' అని రాయడం మాత్రం అందులో ప్రత్యేకంగా లేదు. పద్నాలుగోదిగా చేర్చమని అడగాలి. అడగాల్సింది మనమే.

ఎందుకు మనమే అంటే, ఆ మీట పెట్టేది మనవాళ్ళే. హైటెక్ సిటీలోనో బెంగుళూరులోనో సియాటిల్లోనో కూర్చుని ఆ పదం ఏదుండాలో ఏ/బీ టెస్టింగ్ చేసేది మనమే. 'లైసెన్సు పొందండి' అంటే తక్కువమంది నొక్కుతారని మనకి తెలుసు, అందుకే అలా రాయం. మెయిల్‌తో సరిపెట్టి లైబ్రరీలు తుడిచేసే స్క్రిప్టు రాసేదీ మనమే. ప్రోడక్ట్ మేనేజర్ చెప్పాడు, నేను రాశాను అంటే సరిపోదు. కౌలు కాగితానికి విక్రయమని శీర్షిక పెట్టమని ఎవరైనా అడిగితే మా నాన్న పెన్ను మూత పెట్టేస్తారు. ఆయన చదివింది పదో తరగతి. మీ టీములో దుకాణం మూసే ప్రాజెక్టు వస్తే, కొన్నవాళ్ళకి ఫైళ్ళు ఇచ్చే టికెట్ ఒకటి తెరవండి. కొట్టేస్తే కొట్టేస్తారు, అడిగినట్టు రికార్డన్నా ఉంటుంది.

నేనైతే రెండు నిర్ణయాలు తీసుకున్నాను. తాళం లేకుండా ఫైలు ఇచ్చేవాళ్ళ దగ్గరే 'కొంటాను', రెండు రూపాయలు ఎక్కువైనా సరే. మిగతావాళ్ళ దగ్గర 'అద్దెకు' అన్న మీటే నొక్కుతాను. వాళ్ళెలాగూ ఇచ్చేది అదే కదా, నాలుగింతల ధర ఎందుకు?

మీరేమంటారు?

తా.క.: నాన్న దగ్గర ఇనప్పెట్టె నిండా క్యాసెట్లున్నాయి. ముప్పై ఏళ్ళ నాటివి. అమ్మిన కొట్టూ లేదు, కొన్ని కంపెనీలూ లేవు. సంక్రాంతి సెలవుల్లో హెడ్‌ని దూదితో తుడిచి, పెన్సిలుతో టేపు బిగించి ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. ఇప్పటికి నలభై రెండు అయ్యాయి. రెండు మోగలేదు, బూజు పట్టాయి. తప్పెవరిది అని నాన్న అడగలేదు.