ఎక్స్ అంటే ఏమిటో ముందు చెప్పాలి

మన హాస్టల్ స్టడీ అవర్‌లో బీజగణితం లెక్క ఎలా మొదలవుతుంది? "ఎక్స్ అనుకొనుము" అని రాసి, సమీకరణంలోకి దూకుతాం. ఏది ఎక్స్? ఎవరూ అడగరు. పదో తరగతి కాగానే లెక్కలంటే భయపడి ఎంపీసీ వదిలేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు మనలో చాలామంది. వారికి తెలివి తక్కువై కాదు. ఆ చిన్న ప్రశ్న అడగడం ఎవరూ అలవాటు చేయకపోవడం వల్లనే అని నా అభిప్రాయం.

ఈ మాటకు కంప్యూటరే సాక్షి. పైథాన్ భాషలో సింపై అనే ఉచిత లైబ్రరీ ఉంది. అది అంకెలతోనే కాదు, అక్షరాలతోనూ లెక్క చేస్తుంది, సమీకరణాలు సాధిస్తుంది. 2007 నుంచి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ద్వారా దానికి పనిచేసిన విద్యార్థుల్లో భారతీయులు ఎందరో ఉన్నారు.

రెండు సమీకరణాల్లోని ఎక్స్ ఒకటేనని అది ఎలా గుర్తిస్తుంది? పేరు చూస్తుంది, ఆ పేరుకు మనం పెట్టిన షరతులు చూస్తుంది. రెండూ కలిస్తేనే ఒకటి. ఒకచోట ఉత్త ఎక్స్ అని, మరోచోట "ఎక్స్ ధన సంఖ్య" అని చెప్పామనుకోండి. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తే సున్న రాదు. తప్పు జరిగిందని హెచ్చరికా రాదు.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకా ప్రమాదం. బోధన్ వాళ్లం కాబట్టి చెరకు లెక్కే చూద్దాం. పది టన్నుల చెరకుకు ఒక టన్ను చక్కెర వస్తుందనుకుందాం. ఒకరు చెరకును ఎక్స్ అని, చక్కెర ఎక్స్‌లో పదో వంతు అని రాశారు. ఇంకొకరు చక్కెరనే ఎక్స్ అనుకొని, ఎక్స్ 50 టన్నులు అని రాశారు. రెండూ కలిపితే కంప్యూటర్ చక్కెర 5 టన్నులే అంటుంది. నిజానికి చక్కెర 50 టన్నులు, చెరకు 500 టన్నులు. యంత్రానికి పేరు తెలుసు గానీ, మన మనసులోని అర్థం తెలియదు.

మందు సులభమే. గుర్తులన్నీ ఒకేచోట, ఒకేసారి నిర్వచించాలి. అన్ని సమీకరణాల్లో వాటినే వాడాలి. వేరేవారి సమీకరణం తెచ్చుకుంటే అందులో ఏయే గుర్తులున్నాయో ముందు జాబితా తీసి, మన గుర్తులతో జత చేసి మార్చుకోవాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు మొదటి తెలియని రాశిని యావత్తావత్ అని, తర్వాతవాటిని కాలక, నీలక, పీతక అని రంగుల పేర్లతో పిలిచాడు. ఒకటి మరొకటితో కలవకూడదనే కదా! సింపైలో మనం చెరకు, చక్కెర అని తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు.

మిత్రులారా! నిజాం కాలంలో మొదలైన మన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అందులో కొలువు దొరుకుతుందనే ఆశ మన తరానికి లేదు. మనకున్న ఆస్తి చదువే. కాబట్టి రేపటి స్టడీ అవర్ నుంచే ప్రతి లెక్కకూ మొదటి వరుసలో "ఎక్స్ అంటే ఇది, ఇన్ని టన్నులు, ఇన్ని రూపాయలు" అని రాయిద్దాం. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు వారానికి ఒక్క గంట వచ్చి తమ్ముళ్ల పక్కన కూర్చుని "ఏది ఎక్స్?" అని అడిగితే చాలు, అదే పెద్ద సాయం.