గృహగణితము: మిశ్రభిన్నముల కూడిక



భిన్నము లనగానే మనలో పెక్కుమందికి పలక చేతబట్టి కూర్చున్న చిన్ననాటి దినములు జ్ఞప్తికి వచ్చును. వానితోపాటు కొంత భయమును వచ్చును. "ఇంటి పద్దు వ్రాసికొనుటకు కూడికయు తీసివేతయు వచ్చిన చాలును గదా, ఈ భిన్నముల గొడవ మనకేల?" అని మమ్ము ప్రశ్నించు సోదరీమణులు గలరు. వారికి సమాధానముగా ఈ మాసమున ఒక చిన్న వృత్తాంతము చెప్పి, దానినుండియే లెక్కలోనికి పోవుదుము.

మాకు పరిచయురాలగు ఒక సోదరి కొన్ని మాసముల క్రిందట ఒక కాగితము చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమె భర్త గతించి అప్పటికి ఏడాది యైనది. బంధువులు కూర్చుండి ఆమెకు చెందవలసిన భూమి నంతయు ఒకచోట లెక్కగట్టి, ఆ కాగితమున వ్రాసి, సంతకము చేయుమని యిచ్చిరట. ఆ భూమి మూడు విధములుగా ఆమెకు వచ్చినది.

మొదటిది పుట్టినింటిది. తండ్రి స్వార్జితమగు 5 ఎకరములు, ఆయన వీలునామా వ్రాయకయే గతించినందున, ఆమెకును ఇద్దరు అన్నలకును సమముగా మూడు వంతులైనవి. తల్లి అంతకు పూర్వమే పోయినది. కావున ఆమె వంతు 1 2/3 ఎకరములు. రెండవది మెట్టినింటిది. భర్త స్వార్జితము 11 ఎకరములు. ఆయనయు వీలునామా వ్రాయలేదు. దానికి ఆమెయు, ఇద్దరు బిడ్డలును, అత్తగారును కలిసి నలుగురు హక్కుదారులు. కావున ఆమె వంతు 2 3/4 ఎకరములు. మూడవది ఆమె తన నగలమ్మి తన పేరనే కొనుక్కొన్న 1 1/2 ఎకరములు.

ఈ వంతులయందు వివాదమేమియు లేదు. వీలునామా లేక గతించిన వాని స్వార్జితమున భార్యకును, కొడుకునకును, కూతునకును, తల్లికిని సమానముగా ఒక్కొక్క వంతు చెందునని 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము చెప్పుచున్నది. పిత్రార్జితమందును కూతునకు కొడుకుతో సమానమగు హక్కును 2005వ సంవత్సరపు సవరణ దేశమంతటను కలిగించినది. చట్టము ఇంతవరకు వచ్చినది. కాని వంతులను కూడి మొత్తము వ్రాయుట చట్టము చేయు పని కాదు. అది మనుష్యులు చేయు పని. ఆ కాగితమున మొత్తము 4 2/3 ఎకరములని వ్రాసియుండెను.

"అక్కగారూ, లెక్క ఎక్కడనో తప్పినదని నాకు తోచుచున్నది. కాని ఎక్కడ తప్పినదో చెప్పలేకున్నాను. అడిగినచో ఆడుదానికి లెక్కలేమి తెలియునని నవ్వుదురేమో" అని ఆమె అన్నది.

ఆమెకు తోచినది నిజమే. ఎట్లో చూడుడు. కలము పట్టుటకు ముందు కంటితోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. పూర్ణాంకములను మాత్రము కూడుడు: 1యు, 2ను, 1యు కలిసి 4. ఇక మిగిలిన మూడు భిన్నములలో ఏదియు అరకంటె తక్కువ కాదు. మూడు అరలు కలిసినచో ఒకటిన్నర. కావున మొత్తము ఐదున్నరకు తక్కువ కానేరదు. కాగితమున నున్నది ఐదునకైనను చేరలేదు. ఇంత తెలిసిన చాలును. ఆ కాగితముపై సంతకము చేయరాదు. అన్నము ఉడికినదా లేదా అని ఒక మెతుకు పట్టి చూచు చేతికి ఈ పరీక్ష కష్టమా?

తప్పు ఎట్లు వచ్చెను? లెక్క వ్రాసిన బంధువు మోసగాడు కాడు, తెలియనివాడు. ఆయన 2/3, 3/4, 1/2 అను భిన్నములలో పైయంకెల నన్నిటిని కూడి 6 అనెను. క్రిందియంకెల నన్నిటిని కూడి 9 అనెను. 6/9 అనగా 2/3 అయ్యెను. దానిని 4 ప్రక్కన వ్రాసెను. ఇది బడిపిల్లలు మాత్రమే కాదు, పెద్దలును తరచుగా చేయు పొరపాటు. ఈ పద్ధతి తప్పని ఒక్క అట్టుతో తెలిసికొనవచ్చును. సగము అట్టునకు సగము అట్టు కలిపినచో నిండు అట్టు గదా? ఆ బంధువు పద్ధతిని 1/2, 1/2 కూడినచో పైన 2, క్రింద 4, అనగా 2/4, అనగా మరల సగమే! కలిపిన రెండవ సగము ఎచటికి పోయినట్లు? ఆ సోదరి భూమి పోయిన చోటికే.

అసలు భిన్నములోని రెండంకెలకును పని వేరువేరు. క్రిందియంకెను హారమందురు, అది ముక్క ఎంతటిదో చెప్పును. పైయంకెను లవమందురు, అది అట్టి ముక్కలు ఎన్నియో చెప్పును. హారము కొలపాత్ర పేరువంటిది. లవము కొలిచిన మారుల సంఖ్యవంటిది. పేర్లను కూడుట ఎక్కడనైనను కలదా?

మన పెద్దల కొలపాత్రలను తలచికొనుడు. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. ఒక తవ్వ బియ్యమును ఒక సోల బియ్యమును కలిపినచో "రెండు" అని ఊరకుందుమా? రెండు ఏమి? తవ్వలా, సోలలా? తవ్వను ఎనిమిది గిద్దెలుగను, సోలను నాలుగు గిద్దెలుగను మార్చి, పండ్రెండు గిద్దెలందుము. లేదా మూడు సోలలందుము. ముందు రెండింటిని ఒకే పాత్రలోనికి తెచ్చి, పిమ్మట లెక్కించుట. హారములు వేరైన విజాతి భిన్నములను కూడుటలోని రహస్యమంతయు ఇదియే. ఇంతకుమించి వేరేమియు లేదు.

పూర్వము మన స్త్రీలకు ఈ కష్టము అంతగా లేకుండుటకు కారణము గలదు. పాతిక, పరక, వీసము అను పాత తెలుగు భిన్నములు ఒకదానిలో ఒకటి ఇమిడిపోవునట్టివి. పాతిక నాల్గవ వంతు, పరక ఎనిమిదవ వంతు, వీసము పదునారవ వంతు. పాతికకు పరక కూడవలెనన్న, నాలుగు వీసములును రెండు వీసములును కలిసి ఆరు వీసములు. రూపాయకు పదునారు అణాలున్న దినములలో పావలాయు బేడయు కలిసి ఆరణాలని చిన్నపిల్లయు చెప్పగలిగెడిది. అది ఈ లెక్కయే. అణాకు పండ్రెండు పైలు, అనగా రూపాయకు 192 పైలుండుటచే మూడవ వంతు సహితము 5 అణాల 4 పైలుగా తెగెడిది. 1957 ఏప్రిలు 1వ తేదీనుండి రూపాయకు నూరు పైసలైనవి. నూటిని మూడుచే భాగించినచో శేషము మిగులును. కావున నేడు మూడవ వంతులు వచ్చిన లెక్కలో సమానమగు పాత్రను మనమే వెదకికొనవలెను.

ఇక సోదరి లెక్కను చేయుదము. హారములు 3, 4, 2. ఈ మూడింటిచేతను శేషము లేక భాగింపబడు మిక్కిలి చిన్న సంఖ్య ఏది? నాలుగు ఎక్కము చదువుడు: నాలుగు, మూడునకు లొంగదు, ఎనిమిది, లొంగదు, పండ్రెండు, మూడునకును రెండునకును లొంగును. కావున మన పాత్ర పండ్రెండవ వంతు. దీనినే బడిలో కనిష్ఠ సామాన్య గుణిజ మందురు.

2/3: పండ్రెండులో మూడు నాలుగుమార్లు పోవును, రెండును నాలుగుచే గుణింపగా 8/12.
3/4: పండ్రెండులో నాలుగు మూడుమార్లు పోవును, మూడును మూడుచే గుణింపగా 9/12.
1/2: పండ్రెండులో రెండు ఆరుమార్లు పోవును, ఒకటిని ఆరుచే గుణింపగా 6/12.

ఇప్పుడు ముక్కలన్నియు ఒకే కొలతవి. ఎనిమిదియు తొమ్మిదియు ఆరును కలిసి ఇరువదిమూడు, అనగా 23/12. పండ్రెండు ముక్కలు ఒక నిండు ఎకరమగుటచే, 23లో పండ్రెండు పోగా 11 మిగిలినవి. ఆ నిండు ఎకరమును ముందు కూడిన 4తో చేర్పగా 5. కావున మొత్తము 5 11/12 ఎకరములు. ఐదున్నరకు తక్కువ కాదని మొదట కన్ను చెప్పిన మాట సరిపోయినది.

కాగితమున వ్రాసినది 4 8/12. రెండింటికిని భేదము 1 3/12, అనగా ఎకరముంబాతిక. ఆంధ్ర ప్రాంతపు సెంట్ల లెక్కను 125 సెంట్లు. తెలంగాణపు గుంటల లెక్కను 50 గుంటలు. పైయంకెలను క్రిందియంకెలను తోచినట్లు కూడిన ఒక్క పొరపాటునకు ఇంత నేల వెల!

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. హారములను సమము చేయుటను మన ప్రాచీన గణితజ్ఞులు సమచ్ఛేద మనిరి. క్రీ. శ. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహమున, హారములను ఊరక గుణించుకొని పోక, అన్నిటికిని సరిపడు కనిష్ఠ సంఖ్యను గ్రహించు సులభమార్గమును చూపి, దానికి నిరుద్ధమని పేరిడెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన పదునొకండవ శతాబ్దమున తెనుగుచేసెను. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతి యందు లెక్కలు పెక్కు ఒక బాలికను సంబోధించి చెప్పబడినవి. ఆమె ఆయన కుమార్తె యని ప్రతీతి. అట్టి దేశమున "ఆడుదానికి లెక్కలేల" అనువారిని చూచి మనము వెనుదీయ నక్కరలేదు.

మీ చేతి టేపుతో సరిచూచుకొనదగిన లెక్క మరియొకటి చెప్పుచున్నాము. బట్టలను నేడు మీటర్ల లెక్కను అమ్ముచున్నను, కుట్టుపని టేపుపై అంగుళములు ఇప్పటికిని కలవు. 36 అంగుళములు ఒక గజము. పెద్దపిల్ల పరికిణికి 2 1/4 గజములు, చిన్నపిల్ల పరికిణికి 1 1/3 గజము కావలెననుకొనుడు. పూర్ణాంకములు కలిసి 3. పాతికయు మూడవ వంతును పండ్రెండవ వంతులుగా మార్పగా 3/12, 4/12, కలిసి 7/12. మొత్తము 3 7/12 గజములు. టేపుపై చూడుడు: మొదటిది 81 అంగుళములు, రెండవది 48, కలిసి 129. అందు మూడు గజములకు 108 పోగా 21 అంగుళములు మిగులును. గజములో పండ్రెండవ వంతు 3 అంగుళములు గనుక ఏడు వంతులు 21 అంగుళములే. కాగితమును టేపును ఒకే మాట చెప్పినవి.

ఇంటిలో ఐదవ తరగతియో ఆరవ తరగతియో చదువు బాలిక యుండినచో, ఆమెచే ఈ క్రింది లెక్కను చేయింపుడు: 3 5/6, 1 3/8 కలిపిన ఎంత? ముందు కంటితో చూడుమనుడు. పూర్ణాంకములు 4, భిన్నములలో ఒకటి ఒకటికి కొంచెము తక్కువ, రెండవది అరకు కొంచెము తక్కువ. కావున జవాబు ఐదు దాటినదై, ఐదున్నరకు లోపుగా నుండవలెను. పిమ్మట ఆరునకును ఎనిమిదికిని సరిపడు పాత్రను ఆమెనే వెదకనిండు. నలుబదియెనిమిది తెచ్చినచో కోపింపకుడు. జవాబు తప్పదు, శ్రమ మాత్రము హెచ్చును. ఇరువదినాలుగు తెచ్చినచో మెచ్చుకొనుడు. 5 5/24 వచ్చినచో లెక్క సరియైనది. "నాకును రాదమ్మా" అని మాత్రము బిడ్డతో అనవలదు. తల్లి నోట వెడలిన ఆ మాటను పిల్ల తన చేతగానితనమునకు సాక్ష్యముగా బెట్టుకొనును.

ఆ సోదరి సంగతి చెప్పి ముగింతుము. ఆమె మా యింటనే కూర్చుండి, ఆ లెక్కను రెండుమారులు స్వయముగా చేసికొని, ఇంటికి పోయి బంధువుల ముందర మూడవమారు చేసి చూపినదట. నవ్వినవారు లేరు. లెక్క వ్రాసిన బంధువే పొరపాటొప్పుకొని వేరొక కాగితము తెచ్చి తిరిగి వ్రాసెను. 5 11/12 అను అంకెను ఆమె వ్రేలితో తాకి చూచి, అప్పుడు సంతకము చేసినది.