ఒకే పేరు, రెండు క్లాసులు

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనేవాళ్లకి ఇది అనుభవమే. ఫ్రెండ్ ‘142వ పేజీ చూడు’ అంటాడు. మన దగ్గరా అదే పేరు, అదే రచయిత. కానీ ఎడిషన్ వేరు, ఆ పేజీలో ఇంకేదో ఉంటుంది. జావా సర్వర్లలోనూ ఇదే తంటా.

నాంపల్లిలో ఓ చిన్న ఆఫీసులో పనిచేసే కుర్రాడు మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ‘అన్నా, ఆర్డర్‌ని ఆర్డర్‌గా మార్చలేను అంటోంది సర్వర్. పిచ్చి దానికా, నాకా?’ తప్పు ఇతని కోడ్‌దేనని మేనేజర్ అప్పటికే తేల్చేశాడట. కోడ్ శుభ్రంగా ఉంది.

ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి ఆబ్జెక్ట్ పంపితే వెళ్లేది విలువలు, క్లాస్ పేరు, దాని ఫీల్డుల వివరాలు మాత్రమే. కోడ్ వెళ్లదు. ఆ పేరుతో క్లాస్‌ని వెతికి తెచ్చుకోవాల్సింది అందుకున్న సర్వరే. తెచ్చేది క్లాస్‌లోడర్. జావా దృష్టిలో క్లాస్ అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ దాన్ని లోడ్ చేసిన లోడరూ కలిపి. టామ్‌క్యాట్ లాంటి సర్వర్‌లో ప్రతి అప్లికేషన్‌కీ సొంత లోడర్ ఉంటుంది. ఒకే జార్ ఫైల్ సర్వర్ ఉమ్మడి లిబ్ ఫోల్డర్‌లోనూ, అప్లికేషన్ లోపలా ఉందనుకోండి, ఆర్డర్లు రెండవుతాయి. రిమోట్ కాల్ లైబ్రరీ ఉమ్మడి ఫోల్డర్‌లో ఉంటే, డీసీరియలైజ్ చేసేటప్పుడు అది అక్కడి ఆర్డర్‌నే పట్టుకొస్తుంది. మీ అప్లికేషన్ అడిగేది తన ఆర్డర్‌ని. ఇక పరేషాన్.

రెండు ఆబ్జెక్టుల క్లాస్‌లోడర్‌లనూ ప్రింట్ చేసి చూడండి. జావా 11 నుంచి ఎర్రర్ మెసేజే ఆ పేర్లు చెబుతోంది, కానీ చివరిదాకా చదివేవాళ్లేరీ? మావాడి సర్వర్‌లోనూ జార్ రెండు చోట్ల దొరికింది. ఉమ్మడి ఫోల్డర్‌లోది తీసేశాడు.

తీసేశాక కొత్త ఎర్రర్ వచ్చింది: క్లాస్ దొరకలేదని. ఇది మామూలే, లైబ్రరీకి అప్లికేషన్ లోపల ఏముందో కనిపించదు. ఆబ్జెక్ట్ ఇన్‌పుట్ స్ట్రీమ్‌కి సబ్‌క్లాస్ రాసి, రిజాల్వ్‌క్లాస్ మెథడ్‌లో థ్రెడ్ కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్‌తో వెతికించాలి. సీరియల్ వెర్షన్ యూఐడీ మార్చి చూద్దామనేవాళ్లుంటారు. అది వేరే జబ్బు మందు. ఆర్‌ఎంఐ వాడేవాళ్లు అవతలి సర్వర్ నుంచి కోడ్ దించుకునే దారి తెరవొద్దు. 2013లో జావా 7 అప్‌డేట్ 21 నుంచి అది డిఫాల్ట్‌గా మూసే ఉంది, భద్రత కోసమే.

ఒంటిగంటకి సర్వర్ నిలబడింది. కాంటెక్స్ట్ లోడర్ మార్చిన చోట, ఫైనల్లీ బ్లాక్‌లో పాతది తిరిగి పెట్టమని మాత్రం రెండుసార్లు చెప్పాను. పూల్‌లో థ్రెడ్లు మళ్లీ మళ్లీ వాడుకుంటారు కదా.